తెల్లవారుజామున మిస్సింగ్ ఇచ్చే కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో లోపం కనిపెట్టడం ఎలా

విజయవాడలో ధనుర్మాసపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఈ మాత్రం చలికి ట్యాంకులో డీజిల్ గడ్డకట్టదు, సరైన గ్రేడు ఆయిల్ పోసిన ఇంజిన్ తిరగడానికి మొరాయించదు. ఆరోగ్యంగా ఉన్న కామన్ రైల్ ఇంజిన్ (‘రైలు’ అనే ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ అధిక ఒత్తిడితో డీజిల్ అందే రకం) అయితే సెల్ఫ్ కొట్టిన ఒకటి రెండు సెకన్లలోనే అందుకుని, నిలకడగా ఐడిలింగులో నిలబడుతుంది. కాబట్టి మీ బండి ఉదయం లేపగానే వణుకుతూ, మిస్సింగ్ ఇస్తూ (అంటే ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండక), తెల్లపొగ వదిలి, రెండు నిమిషాల తరువాత ఏమీ జరగనట్టు సర్దుకుంటుంటే, ‘చలికాలం కదా’ అని సరిపెట్టుకోకండి. ఎండాకాలమంతా ఇంజిన్‌లో దాగి ఉన్న లోపమే ఇప్పుడు పైకి తేలిందని అనుకుని, వెతకడం మొదలుపెట్టండి.

ఈ లోపాన్ని పట్టుకోవడంలో అసలు కష్టం ఒక్కటే: రుజువు రెండు నిమిషాలకు మించి నిలవదు. ఉదయం ఇంటి ముందు వణికిన బండిని మీరు పది గంటలకు ఆటోనగర్‌కు తోలుకెళ్లేసరికి ఇంజిన్ 80 డిగ్రీలు దాటి, గడియారంలా తిరుగుతూ ఉంటుంది. మెకానిక్‌కు వినడానికి శబ్దం ఉండదు, చూడడానికి పొగ ఉండదు. అప్పుడు మిగిలేది ఊహ మాత్రమే. ఊహ ఎప్పుడూ సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గరికే వెళ్తుంది, ఖర్చు కూడా అక్కడే ఎక్కువ. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఒక నియమం మీద నడుస్తుంది: రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజిన్ మీదే పరీక్ష చేయాలి, అటువంటి అవకాశం రోజుకు ఒక్కసారే దొరుకుతుంది కాబట్టి ప్రతి ఉదయం ఏం చూడాలో ముందు రాత్రే నిర్ణయించుకోవాలి.

చలికి ఇంజిన్ ఎందుకు ఇబ్బంది పడుతుందో తెలిస్తే వెతకడం సులువవుతుంది. డీజిల్ ఇంజిన్‌లో మంట పుట్టించే స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని 15 నుంచి 18 రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే ఆ వేడిలో కొంత గోడలు లాగేసుకుంటాయి, సెల్ఫ్ నెమ్మదిగా తిప్పితే ఇంకొంత గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది. అప్పుడు డీజిల్ ఆలస్యంగా అంటుకుంటుంది, లేదా కొంత కాలకుండానే పొగై సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఈ లోటును పూడ్చడానికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ కొన్ని ఏర్పాట్లు చేస్తుంది. ఐడిలింగు వేగాన్ని పెంచుతుంది, ప్రధాన ఇంజెక్షన్‌కు ముందు చిన్న మోతాదులో చేసే పైలట్ ఇంజెక్షన్‌ను సవరిస్తుంది, డీజిల్ పడే సమయాన్ని మారుస్తుంది, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వును మూసి ఉంచుతుంది, ఇంజిన్ లేచాక కూడా కొంతసేపు సిలిండర్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులకు కరెంటు ఇస్తుంది. ఈ ఏర్పాట్లలో ఏది తప్పినా ఉదయం పూట వణుకు తప్పదు. మీరు చేయవలసిందల్లా ఏది తప్పిందో తేల్చడమే.

ముందు రోజు రాత్రి

బండిని అపార్టుమెంటు సెల్లారులో కాకుండా ఆరుబయట నిలపండి. సెల్లారులో రాత్రి ఉష్ణోగ్రత బయటికన్నా ఎక్కువగా ఉంటుంది కాబట్టి లోపం సగమే కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మూసిన చోట డీజిల్ పొగ పీల్చడం ఆరోగ్యానికి ప్రమాదం. చదునైన నేల మీద, కనీసం ఎనిమిది గంటలు కదపకుండా ఉంచండి. కూలెంట్, ఇంజిన్ ఆయిల్ మట్టాలు చూసి రాసుకోండి. ఆయిల్ మట్టం గత నెలకన్నా పెరిగి, డిప్‌స్టిక్ మీద డీజిల్ వాసన వస్తే అది చాలా విలువైన సమాచారం. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తోందని, అంటే ఏదో ఒక ఇంజెక్టర్ కారుతోందనో, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండి అయితే దాన్ని శుభ్రపరిచే ప్రక్రియ మాటిమాటికీ మధ్యలో ఆగిపోతోందనో దాని అర్థం.

బండిని షెడ్డులో చూపించదలిస్తే సాయంత్రమే తీసుకెళ్లి అక్కడే వదలండి, తాళాలు ఇచ్చి ‘పొద్దున నేను వచ్చేదాకా లేపకండి’ అని గట్టిగా చెప్పండి. ఆటోనగర్‌లో ఉదయం షెడ్డు తెరవగానే కుర్రవాడు బండిని పక్కకు జరపడానికి ఒకసారి లేపితే చాలు, ఆ రోజు పరీక్ష అక్కడితో ముగిసినట్టే.

చేయకూడని పనులు

పాత డీజిల్ ఇంజిన్లలో మిస్సింగ్ వస్తే ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి, ఏ నట్టు వదిలినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండర్ చచ్చిందని తేల్చేవారు. నేను పని నేర్చుకున్నది ఆ పద్ధతిలోనే. 1997లో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ విధానంలో ఆ పని ప్రాణాంతకం. ఐడిలింగులోనే రైలులో సుమారు 250 నుంచి 350 బార్ల ఒత్తిడి ఉంటుంది, పూర్తి భారం మీద అది 1600 బార్లు దాటే ఇంజిన్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఒత్తిడితో సూదిమొన అంత సందులోంచి వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే కనిపించినా లోపల కండరం కుళ్లి, వేలు లేదా చెయ్యి తీసివేయవలసి రావచ్చు. పొరపాటున అలా జరిగితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లి, అధిక ఒత్తిడి డీజిల్ చేతిలోకి దూరిందని వైద్యుడికి స్పష్టంగా చెప్పండి. హై ప్రెషర్ పైపు దగ్గర కారుతోందేమో చూడడానికి చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పైపు విప్పవలసి వస్తే ఇంజిన్ ఆపి, ఒత్తిడి దిగడానికి మాన్యువల్ చెప్పినంత సమయం ఆగండి.

ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ కనెక్టరు పీకడం కూడా మానుకోండి. ఆ తీగల్లో బ్యాటరీ వోల్టేజికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజి ఉంటుంది. మీకు షాకు తగలవచ్చు, ఈసీయూ కూడా దెబ్బతినవచ్చు. ఇక హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం ఎన్నడూ చేయకండి. ఎర్రగా కాలిన ప్లగ్గు మీద ఆ ఆవిరి పేలి పిస్టన్ పగిలే అవకాశం ఉంది.

మొదటి ఉదయం: ఏమీ విప్పకుండా చూడడం

మొదటి ఉదయం పనిముట్లు అవసరం లేదు. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. వీలైతే మీటర్లు కనిపించేలా ఫోను పెట్టి వీడియో తీయండి. లేపడానికి ముందే రేడియేటర్ పై గొట్టాన్ని నొక్కి చూడండి. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌లో అది మెత్తగా ఉండాలి. తెల్లవారేదాకా గట్టిగా ఉబ్బి ఉంటే, సిలిండర్‌లోని వాయువు కూలెంట్‌లోకి చేరుతోందని అనుమానించి హెడ్ గాస్కెట్ వైపు చూడాలి.

తరువాత సెల్ఫ్ కొట్టి, వణుకు ఏ క్షణంలో మొదలైందో, ఎంతసేపు సాగిందో గమనించండి. ఈ ఒక్క విషయం సగం రోగనిర్ధారణ చేసేస్తుంది. లేచిన మొదటి క్షణం నుంచే వణికి, తెల్లపొగ వదిలి, అర నిమిషం నుంచి రెండు నిమిషాల్లో క్రమంగా తగ్గితే సిలిండర్‌లో వేడి చాలడం లేదని అర్థం. అంటే హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, లేదా ఉష్ణోగ్రతను తప్పుగా చెబుతున్న సెన్సరు. చక్కగా లేచి, ఐదు పది సెకన్లు బాగా నడిచి, ఆ తరువాత తడబడి, ఒక్కోసారి ఆగిపోయి, మళ్లీ లేపితే మామూలుగా నడిస్తే రైలులో మిగిలిన డీజిల్ అయిపోయాక వెనుక నుంచి గాలి వచ్చిందని అర్థం. చాలాసేపు సెల్ఫ్ కొడితే తప్ప లేవకపోతే రైలు ఒత్తిడి ఆలస్యంగా పెరుగుతోంది. వేగం ఒక లయలో పైకీ కిందికీ ఊగుతుంటే డీజిల్ పంపు మీద ఉండే ఒత్తిడి నియంత్రణ వాల్వును అనుమానించవచ్చు. ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ ముల్లు కదలకుండా నిలబడి ఉన్నా క్యాబిన్ మాత్రం అదురుతుంటే ఇంజిన్ మౌంటింగులు చూడండి, అక్కడ ఇంధనానికి సంబంధం లేదు.

పొగను కూడా వాసనతో కలిపి చదవాలి. కళ్లు మండించే, పచ్చి డీజిల్ వాసన వేసే తెల్లపొగ కాలని డీజిల్. తియ్యటి వాసనతో, ఇంజిన్ వేడెక్కినా పోని తెల్లపొగ కూలెంట్. నల్లపొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు, ఈజీఆర్ తెరుచుకుని ఉండిపోయినా ఇది వస్తుంది. నీలిపొగ ఇంజిన్ ఆయిల్. తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున గాలి చల్లగా, తేమగా ఉండడం వల్ల ఆరోగ్యంగా ఉన్న బండి వదిలే నీటి ఆవిరి కూడా కొంచెం తెల్లగా కనిపిస్తుంది. అది మంటా వాసనా లేకుండా, అడుగు దూరంలోనే కరిగిపోతుంది. దాన్ని చూసి భయపడనక్కరలేదు.

బ్యాటరీ సంగతి ముందు తేల్చండి

దీనికి ఐదు నిమిషాలు చాలు, అయినా అందరూ వదిలేసే పరీక్ష ఇదే. ఉదయం తాళం తిప్పకముందు బ్యాటరీ కొసల మధ్య 12.4 నుంచి 12.7 వోల్టులు ఉండాలి, 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 వోల్టుల కిందికి పడకూడదు. ఇంజిన్ లేచాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. కొన్ని బండ్లు కావాలనే ఛార్జింగును మారుస్తాయి కాబట్టి కాస్త తేడా ఉంటే కంగారు పడకండి. సెల్ఫ్ నీరసంగా తిరిగితే కంప్రెషన్ వేడి పుట్టదు, రైలు ఒత్తిడి పెరగదు, వోల్టేజి పడి ఈసీయూ తడబడుతుంది. ఈ మూడూ కలిసి ఇంజెక్టర్ పోయినట్టే కనిపిస్తాయి. బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ నీరసంగా ఉంటే ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ తీగను విప్పి, తుప్పు గీకి, బిగించండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో మునిగిన బండ్లలో ఈ ఎర్త్ కొసలు, కనెక్టర్లు లోలోపల పచ్చబడి ఉంటాయి. అటువంటి బండి మీదైనా, ఆ తరువాత సెకండ్ హ్యాండులో కొన్నదైనా ఈ పరీక్షను తప్పించుకోకండి.

రెండవ ఉదయం: స్కానర్ చెప్పే మూడు ఉష్ణోగ్రతలు

ఈ పరీక్ష నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే ఇందులో ఒక్క నట్టు కూడా విప్పే పని లేదు. ఇంజిన్ లేపకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, స్కానర్‌లో (ఈసీయూ అంకెలను చదివి చూపే పరికరం) కూలెంట్ ఉష్ణోగ్రత, లోనికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, ఉంటే డీజిల్ ఉష్ణోగ్రత చూడండి. రాత్రంతా ఒకే చోట ఆగిన బండిలో మూడు సెన్సర్లూ ఒకే గాలిలో నానినట్టు ఉంటాయి కాబట్టి మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఒకే అంకె చూపాలి. బయట 18 డిగ్రీలుంటే మూడూ 18, 20 ప్రాంతంలో ఉండాలి. అందులో ఒకటి వేరే దారి పడితే దొంగ దొరికినట్టే. ఫోనుకు కలిపే చవక రకం ఓబీడీ పరికరం కూడా కూలెంట్, గాలి ఉష్ణోగ్రతలను చూపగలదు.

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే ఒక పికప్ యజమాని నాలుగు ఇంజెక్టర్లూ వేరే చోట మార్పించుకుని, అయినా ఉదయం పూట అదే వణుకు, అదే పొగ అంటూ మా దగ్గరికి వచ్చారు. రాత్రి బండి వదిలి వెళ్లమన్నాను. తెల్లవారుజామున బయట 18 డిగ్రీలు ఉండగా కూలెంట్ సెన్సరు 47 చూపింది. ఇంజిన్ ఇప్పటికే వెచ్చగా ఉందని నమ్మిన ఈసీయూ హీటర్ ప్లగ్గులకు కరెంటు ఇవ్వలేదు, డీజిల్ మోతాదును, సమయాన్ని చలికి తగ్గట్టు మార్చలేదు. మార్చవలసింది ఆ చిన్న సెన్సరు ఒక్కటే. ఆయన ఇంజెక్టర్లకు పెట్టిన డబ్బు ఒక కుటుంబం కొన్ని నెలలు తినే తిండి. ఆ ఉదయం ఆయన ముఖం చూశాకే ఈ వరుసను ఎవరు అడిగినా ఓపికగా చెప్పాలని నిశ్చయించుకున్నాను.

సెన్సరును మీటరుతో కూడా చూడవచ్చు. ఈ రకం సెన్సర్లలో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర 2000 నుంచి 3000 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు ఉంటుంది. సెన్సరు సరిగ్గానే ఉండి స్కానర్ తప్పు చూపితే కనెక్టరులో తుప్పు, లేదా కూలెంట్ కారి తీగ పట్టుకున్న పచ్చదనం వెతకండి.

అదే ఉదయం, అదే స్కానర్‌తో, సెల్ఫ్ కొడుతుండగా రైలు ఒత్తిడిని చూడండి. చాలా ఇంజిన్లలో సుమారు 200 బార్లు దాటాక గానీ ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. ఒకటి రెండు సెకన్లలో అంత ఒత్తిడి రావాలి. ఆపైన ఈసీయూ కోరిన ఒత్తిడికి, నిజంగా ఉన్న ఒత్తిడికి మధ్య తేడా చూడండి. రెండూ ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని నడిస్తే పంపు వైపు ఇబ్బంది లేదు. చివరగా, కంపెనీ స్థాయి స్కానర్ అయితే ఒక్కో సిలిండర్‌కు ఈసీయూ చేస్తున్న డీజిల్ సవరణ అంకెలు కనిపిస్తాయి. ఒక సిలిండర్ బలహీనపడితే దానికి ఎక్కువ డీజిల్ ఇచ్చి ఈసీయూ నిలబెట్టడానికి చూస్తుంది, అక్కడ ప్లస్ అంకె కనిపిస్తుంది. ఆ అంకెలను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా వేడెక్కాక మరొకసారి రాసుకోండి. మూడవ సిలిండర్‌లో చలికి మూడు మిల్లీగ్రాముల సవరణ ఉండి, వేడికి సున్నా దగ్గరికి వస్తే ఆ సిలిండర్ హీటర్ ప్లగ్గును అనుమానించండి. వేడెక్కాక కూడా అలాగే ఉంటే ఇంజెక్టరో, కంప్రెషనో తేలవలసి ఉంటుంది. ఎంతవరకు సవరణ అనుమతి ఉందో మీ ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది.

డీజిల్‌లో నీళ్లు, పైపులో గాలి

డీజిల్ ఫిల్టరు అడుగున ఉండే మరను వదులు చేసి, గాజు సీసాలోకి అర గ్లాసు డీజిల్ దింపండి. పావుగంట కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు చేరి విడిగా కనిపిస్తాయి. మబ్బుగా ఉన్నా, అడుగున నల్లటి జిగురు తేలినా ఫిల్టరు మార్చి, ట్యాంకు కూడా కడిగించండి. నీళ్లు హై ప్రెషర్ పంపుకు చేసే హాని ఫిల్టరు ఖరీదుతో పోల్చదగ్గది కాదు. బంకులో కాకుండా డబ్బాల్లో కొన్న డీజిల్ పోసే అలవాటుంటే వెంటనే మానండి.

గాలి విషయంలో కొంచెం నిలిచి ఆలోచించాలి. కొన్ని బండ్లలో హై ప్రెషర్ పంపే ట్యాంకు నుంచి డీజిల్‌ను లాక్కుంటుంది. అటువంటి చోట పైపు కలిసే దగ్గర ఓ-రింగు (రబ్బరు వలయం) గట్టిపడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఎక్కడా తడి కనిపించదు. రాత్రి పూట ఆ సందులోంచి గాలి చేరి డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది, ఉదయం కొద్దిసేపు నడిచాక తడబాటు వస్తుంది. ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఒక అడుగు పారదర్శక డీజిల్ పైపు వేసి చూస్తే బుడగలు కళ్లకు కడతాయి. ఇంతకన్నా తేలిక పరీక్ష ఒకటుంది: గుణదల, మొగల్రాజపురం కొండల కింది వీధుల వంటి వాలు మీద, ముందు భాగం పల్లానికి ఉండేలా ఒక రాత్రి బండి నిలపండి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. వెనుక ఉన్న ట్యాంకు ఎత్తులోకి రావడంతో డీజిల్ వెనక్కు జారదు. ఆ ఉదయం తడబాటు మాయమైతే గాలి పడుతోందని తేలిపోయినట్టే. ఎలక్ట్రిక్ పంపు ట్యాంకులోనే ఉండి డీజిల్‌ను ముందుకు నెట్టే బండ్లకు ఈ పరీక్ష అంతగా పనికిరాదు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికే కారుతుంది.

హీటర్ ప్లగ్గులు

మన ప్రాంతంలో హీటర్ ప్లగ్గులు చచ్చి ఏళ్లు గడిచినా ఎవరికీ తెలియదు. ఎండలకు ఇంజిన్ ఎలాగూ లేస్తుంది. ఒకటి పోతే ఒక సిలిండర్ వణుకుతుంది, రెండు మూడు పోతే తెల్లపొగ కూడా వస్తుంది. ప్లగ్గు కొసన కనెక్టరు తీసి, మీటరు ఒక ముల్లు ప్లగ్గుకు, మరొకటి ఇంజిన్ లోహానికి పెట్టండి. బాగున్న లోహపు ప్లగ్గు ఒక ఓము అటూ ఇటూ, సాధారణంగా రెండు ఓములకు లోపే చూపుతుంది. మీటరు తీగల సొంత నిరోధాన్ని అందులోంచి తీసేయడం మరవకండి. అనంతం చూపితే ప్లగ్గు పోయింది. నాలుగూ ఒకేలా ఉన్నాయా అన్నది అసలు అంకెకన్నా ముఖ్యం. నాలుగూ బాగుంటే కరెంటు వాటిదాకా వస్తోందో లేదో చూడాలి. క్లాంపు మీటరును ప్లగ్గుల ప్రధాన తీగకు తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేయించండి. కరెంటు అసలే రాకపోతే పెద్ద ఫ్యూజు, రిలే, నియంత్రణ యూనిట్ చూడండి. అయితే కూలెంట్ సెన్సరు సరైన అంకె చెబుతోందని తేలాకే ఈ నిర్ణయానికి రండి.

పాత అలవాటుగా ప్లగ్గును బయటికి తీసి నేరుగా బ్యాటరీకి తగిలించి ఎర్రబడుతోందేమో చూడకండి. ఇటీవలి ఇంజిన్లలో చాలా ప్లగ్గులు 12 వోల్టులకన్నా తక్కువ వోల్టేజికి చేసినవి, బ్యాటరీ తగిలిస్తే కొస కరిగిపోతుంది. విప్పేటప్పుడు కూడా తొందర వద్దు. తుప్పు వదిలించే ఆయిల్ పోసి, ఒక రాత్రి ఆగి, ఇంజిన్‌ను వెచ్చబరిచాక, కొంచెం విప్పి మళ్లీ కొంచెం బిగిస్తూ తీయాలి. ప్లగ్గు హెడ్‌లో విరిగితే హెడ్ దింపవలసి వస్తుంది. మార్చేటప్పుడు నాలుగూ కలిపి మార్చడం మేలు.

ఇంజెక్టర్ల దాకా వస్తే

పై పరీక్షలన్నీ దాటాకే ఇంజెక్టర్లను అనుమానించండి. మొదట విప్పకుండా చూడండి. ఇంజెక్టర్ కూర్చునే గుంట చుట్టూ నల్లటి గట్టి తారులాంటి మసి పేరుకుని, చల్లగా ఉన్నప్పుడు ‘చుఫ్ చుఫ్’ అన్న శబ్దం వస్తుంటే కింది రాగి వాషరు కారుతోంది. వదిలేస్తే హెడ్‌లో కూర్చునే చోటును ఆ వాయువు కోసేస్తుంది. ఇంజెక్టర్ మంచిదే అయినా కొత్త వాషరుతో, శుభ్రం చేసిన గుంటలో, చెప్పిన టార్కుతో బిగించాలి. పాత వాషరును తిరిగి వాడకండి.

రెండవది రిటర్న్ పరీక్ష, అంటే ఇంజెక్టర్ వాడుకోకుండా వెనక్కు పంపే డీజిల్‌ను కొలవడం. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ కొసకు ఒకే పొడవు గొట్టం తగిలించి నాలుగు సీసాల్లోకి వదిలి, అసలు రిటర్న్ పైపును మూసి, ఐడిలింగులో మాన్యువల్ చెప్పినంతసేపు నడపండి. నాలుగు సీసాల మట్టాలు దాదాపు సమానంగా ఉండాలి. ఒకదానిలో మిగతావాటికి రెండింతలుంటే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. పీజో ఇంజెక్టర్లు (అయస్కాంత తీగచుట్టకు బదులు స్ఫటికంతో తెరుచుకునేవి) ఉన్న ఇంజిన్‌పై ఇలా చేయకండి. వాటిలో కొన్నింటికి రిటర్న్ వైపు కూడా ఒత్తిడి ఉంటేనే పని జరుగుతుంది. ఇంకో మాట: రిటర్న్ ఎక్కువగా పోయే ఇంజెక్టర్ వేడిగా ఉన్నప్పుడే ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే వేడికి డీజిల్ పలుచబడి సందుల్లోంచి మరింత జారుతుంది. బండి ఉదయం బాగానే లేచి, మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆపి లేపితే మొరాయిస్తుంటే ఈ పరీక్షకే మొదటి స్థానం ఇవ్వండి. చలికి మాత్రమే వణికే ఇంజిన్‌లో ఇంజెక్టర్ తప్పు ఉంటే అది ఎక్కువగా నాజిల్ కొస కారడమో, లోపల జిగురు పట్టి పైలట్ ఇంజెక్షన్ సరిగ్గా జరగకపోవడమో అయి ఉంటుంది. ఇది ఇంజెక్టర్‌ను విప్పి బెంచి (ఇంజెక్టర్లను పరీక్షించే యంత్రం) మీద పరీక్షిస్తేనే తేలుతుంది. బెంచి నివేదికలో పూర్తి భారం అంకె ఒక్కటే కాక, ఐడిలింగు, పైలట్ మోతాదుల అంకెలు కూడా అడిగి తీసుకోండి.

ఇంజెక్టరా, కంప్రెషనా అన్న సందేహం మిగిలితే అనుమానం ఉన్న ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌లోకి మార్చి, మరుసటి ఉదయం సవరణ అంకెలు మళ్లీ చూడండి. తప్పు ఇంజెక్టర్‌తోపాటు కదిలితే ఇంజెక్టర్‌దే, పాత సిలిండర్‌లోనే ఉంటే కంప్రెషన్ కొలవండి. మార్చిన ప్రతిసారీ ఇంజెక్టర్ మీద ముద్రించిన కోడును ఈసీయూలో కొత్త స్థానానికి నమోదు చేయాలి. ఈ కోడు ఆ ఒక్క ఇంజెక్టర్ తయారీలోని సన్నని తేడాలను ఈసీయూకు చెబుతుంది. నమోదు చేయకుండా బిగిస్తే కొత్త ఇంజెక్టరే వణుకు తెస్తుంది. ఖర్చు తగ్గుతుందని ఆ పని వదిలేసే చోట ఇంజెక్టర్లు మార్పించుకోకండి.

కంప్రెషన్ తక్కువైతే రింగులు, వాల్వుల పని తప్పదు. అది ఇంజిన్ విప్పేవారి పని. ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే విప్పి శుభ్రం చేయండి. పరీక్ష కోసం ఒక పూట మూసి చూడడం వేరు, శాశ్వతంగా మూసివేయడం వేరు. రెండవది చట్టానికీ విరుద్ధం, డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 బండిలో కొత్త చిక్కులకూ దారి తీస్తుంది.

లోపం దొరికి, బాగు చేశాక కూడా డబ్బు చెల్లించేముందు బండిని ఒక రాత్రి అక్కడే ఉంచి, మరుసటి ఉదయం మీరే స్వయంగా లేపండి. మొదటి ఉదయం తీసిన వీడియోను పక్కన పెట్టుకుని పొగ, శబ్దం, టాకోమీటర్ ముల్లు పోల్చండి. స్కానర్‌లో సవరణ అంకెలు చల్లగా ఉన్నప్పుడే రాయించుకోండి. ఆ తరువాత ఇంటి దగ్గర మరో రెండు ఉదయాలు, వీలైతే ఒకటి బాగా మంచు పట్టిన రోజున, అదే విధంగా చూసి, ఆ అంకెలున్న కాగితాన్ని బండి పత్రాలతో కలిపి దాచండి. వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్లీ అనుమానం వస్తే పోల్చుకోవడానికి మీ చేతిలో ఉండేది అదే.